కుందేలు ఎడమ చెవి

ఒక అబద్ధాన్ని నేను ఏళ్ళ తరబడి మోశాను. మోశాను అన్న మాట కూడా సరైనది కాదేమో. మోసేవాడికి భుజం నొప్పి పెడుతుంది. నాకు చాలాకాలం ఏ నొప్పీ పెట్టలేదు. తిన్నాను, డ్యూటీకి వెళ్ళాను, ఆదివారం ఉదయం చర్చిలో కూర్చున్నాను. అది లోపల ఉండేది. ఉందని నాకు తెలిసేది. అంతే.

నా భార్య ఎస్తేరు చనిపోయి కొన్ని నెలలైంది. ఇప్పటికీ నాకు ఏడుపు రాలేదు. వస్తుందని చూడటం కూడా మానేశాను. వంట చేసుకుంటాను. బట్టలు ఉతుక్కుంటాను. ఎవరైనా వచ్చి పలకరిస్తే జవాబు చెప్తాను. వాళ్ళు వెళ్ళాక ఏం చెప్పానో గుర్తుండదు.

మీరెవరో నాకు తెలియదు. అది మంచిదే. ఎదుటి ముఖం చూస్తూ చెప్పాలంటే నేను మాట మార్చేస్తాను. ఆ అలవాటు నాకుంది, అది నన్ను ఎంత దూరం తీసుకుపోయిందో ఇది చదివితే మీకే తెలుస్తుంది. అందుకని జరిగింది జరిగిన వరుసలో రాస్తాను. నా పేరు రాయను, దాని కారణం చివర చెప్తాను. ఎస్తేరు పేరు మాత్రం మార్చలేదు. ఆమె దాచుకోవలసిన పని ఏదీ చేయలేదు.

హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై యంత్రం నడపడం నా ఉద్యోగం. మనుషులను బల్ల మీద పడుకోబెట్టడం, కదలవద్దని చెప్పడం, గాజు కిటికీకి ఇవతల కూర్చుని బొమ్మలు తీయడం. యంత్రం ఒక్కో వరుస బొమ్మలకు చాలాసేపు తీసుకుంటుంది. ఆ ఖాళీలో పుస్తకాలు చదివేవాణ్ణి. చాలా చదివానని లోపల కొంచెం గర్వం ఉండేది. డాక్టరు చదువు చదవలేకపోయానన్న వెలితీ ఉండేది. ఈ రెండూ నాకు తెలియకుండానే ఏదో అవకాశం కోసం ఎదురుచూస్తున్నాయని ఇప్పుడు అనుకుంటాను.

మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణం పాఠం చెప్పే మేడం ఒకరు మా సెంటర్‌కు వచ్చారు. పేరు రాయను. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను తమ్మీ అని పిలిచేవారు. ఆమెకు ఒక ప్రశ్న ఉంది.

మన మెదడులో ఒక చోటి నుంచి మరో చోటికి సన్నని తీగల్లాంటి దారులు ఉంటాయి. ఆ దారుల వెంట నీరు ఎటు కదులుతోందో పసిగట్టి, పుర్రె తెరవకుండానే యంత్రం వాటిని గీసి చూపించగలదు. పక్షవాతం వచ్చినప్పుడు కొన్ని దారులు తెగిపోతాయి. కొందరికి కొన్ని నెలలకు చెయ్యి మళ్ళీ కదులుతుంది. అప్పుడు పని చేస్తున్నది ఏ దారి? దెబ్బ తిన్న పక్కనే మళ్ళీ దారి పడుతోందా? లేక దెబ్బ తగలని అవతలి పక్క ఆ పనిని నెత్తిన వేసుకుంటోందా? మనుషుల్లో ఇది తేల్చడం కష్టం. పక్షవాతం చెప్పి రాదు. రాకముందు ఆ మెదడు ఎలా ఉండేదో ఎవరూ బొమ్మ తీసి పెట్టుకోరు. ఒకరికి తగిలిన దెబ్బ ఇంకొకరికి తగిలినట్టు ఉండదు. అందుకని జంతువుల్లో చూసి, మనిషి గురించి ఊహిస్తారు.

మేడం కుందేళ్ళను తీసుకున్నారు. అనుమతులన్నీ ఉన్నాయి. మత్తు ఇచ్చి ప్రతి కుందేలుకూ మెదడు ఎడమ పక్క ఒక చిన్న దెబ్బ. దెబ్బకు ముందు ఒక స్కాన్, తర్వాత ఒక స్కాన్. ఆ తర్వాత వాటిని చంపేస్తారు. మేము ఆ మాట వాడేవాళ్ళం కాదు. వేరే మాట ఉండేది. ఇక్కడ మాత్రం ఉన్న మాటే రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు మా యంత్రం ఖాళీగా ఉంటుంది. ఓనర్ ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. సోమవారం పొద్దున బల్ల మీద ఒక్క వెంట్రుక కనబడకూడదు. ఎంత తుడిచినా ఒకసారి కనబడింది. పరకాల నుంచి వచ్చిన ఒక ముసలామె దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "గిదేంది బిడ్డా, నాకంటె తెల్లబడ్డోళ్ళు ఎవరన్న పండుకున్నరా గీడ?" అని అడిగింది. ఇంటికి వెళ్ళి ఆ మాట చెబితే ఎస్తేరు కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది. ఆమె ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుట్టేది. వీధిలో సగం మంది ఆడవాళ్ళ కొలతలు ఆమెకు కంఠతా వచ్చు. మాకు పిల్లలు లేరు. సాయంత్రాలు ఆమె మిషను చప్పుడు, నా పుస్తకం. అలా గడిచేది.

ఇప్పుడు ఒక చిన్న సంగతి చెప్పాలి. మొత్తం తప్పు దాని మీదే నిలబడి ఉంది.

యంత్రం ప్రతి బొమ్మ మీదా ఎడమ, కుడి అని రాస్తుంది. అయితే అది మనుషుల కోసం చేసిన యంత్రం. లోపల ఉన్నది మనిషనీ, వెల్లకిలా పడుకున్నాడనీ అనుకుని రాస్తుంది. కుందేలు బోర్లా పడుకుంటుంది. కాబట్టి దాని రాతను నమ్మకూడదు. పైగా మేడం చేసే దెబ్బ ఎంత చిన్నదంటే, నెలలు గడిచాక దాని మచ్చ మా యంత్రానికి దొరకదు. మరి బొమ్మలో ఏది ఎడమో ఏది కుడో ఎలా తెలుస్తుంది? దానికొక పద్ధతి ఉంది. మందుల దుకాణంలో దొరికే చేపనూనె క్యాప్సూల్ ఒకటి తీసుకుని, కుందేలు ఎడమ చెవి మొదట్లో టేపుతో అతికిస్తాం. నూనె బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. మెరిసిన పక్క ఎడమ. దెబ్బ తగిలిన పక్క. ఇంకే ఆధారం లేదు, అక్కర్లేదు కూడా. మనుషులకూ ఇదే చేస్తాం. నొప్పి ఉన్న చోట పైన క్యాప్సూల్ అతికిస్తే బొమ్మలో ఆ చోటు దొరుకుతుంది.

మొదటి విడత కుందేళ్ళకు మేడమే స్వయంగా అతికించారు. దెబ్బ తగిలి ఎక్కువ రోజులు కాలేదు కాబట్టి వాటిలో తేడా పెద్దగా కనబడలేదు. రెండో విడత కుందేళ్ళను దెబ్బ తగిలాక చాలా నెలలు ఆగి తెచ్చారు. ఆ ఆదివారం మొదటి కుందేలుకే మత్తు ఎక్కువైంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మేడం దాని ఛాతీ మీద వేళ్ళు పెట్టి కూర్చున్నారు. "తమ్మీ, నేను దీన్ని ఇడవలేను. గుర్తు నువ్వే పెట్టు. ఎడమ చెవి మొదట్ల" అన్నారు. నేను పెట్టాను. ఆ రోజు వాటన్నిటికీ నేనే పెట్టాను. తర్వాతి ఆదివారాలు కూడా ఆ పని నాదే అయింది.

నేను ఎప్పుడూ బల్లకు కాళ్ళ వైపు నిలబడతాను. రోగి వెల్లకిలా ఉంటాడు, తల యంత్రం వైపు. అతని ఎడమ నా కుడిచేతి పక్కన ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎడమ అంటే నా చేతులు ఆ పక్కకే పోయాయి. కుందేలు బోర్లా ఉంది. దాని ఎడమ నా ఎడమచేతి పక్కనే. నా చేతులు మాత్రం అలవాటైన పక్కకే పోయాయి. ప్రతి కుందేలుకూ, ప్రతి ఆదివారం, కుడి చెవి దగ్గర అతికించి, ఎడమ అని చెప్పాను.

ఇది తప్పే. కానీ నేను ఒప్పుకోవడానికి కూర్చున్నది దీని గురించి కాదు. చేతులు పొరపాటు చేస్తాయి.

బొమ్మలు కలిపి చూస్తే ఒక పక్క దారి స్పష్టంగా చిక్కబడి కనబడింది. గుర్తు లేని పక్క. అంటే దెబ్బ తగలని పక్క. మేడం కంప్యూటర్ ముందు నుంచి లేచి గది అంతా తిరిగారు. దెబ్బ తగలని పక్కే కాలం గడిచేకొద్దీ మొత్తం పని అందుకుంటోందని ఆమెకు అర్థమైంది. అలా రాశారు. ఒక వైద్య పత్రికలో అచ్చయింది. అందులో చివర నా పేరు కూడా వేశారు. అచ్చులో నా పేరు చూసుకోవడం అదే మొదటిసారి. ఆ కాగితాన్ని ఎస్తేరు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బైబిలు పక్కన ఉంచింది.

తర్వాత ఒక రోజు ఎనుమాముల యార్డుకు మిర్చి తెచ్చిన ఒక రైతు నడుం నొప్పితో మా దగ్గరికి వచ్చాడు. వెల్లకిలా పడుకోలేకపోయాడు. బోర్లా పడుకోబెట్టాను. నొప్పి ఎడమ పక్క అన్నాడు. క్యాప్సూల్ అతికించాను. వెంటనే తల తిప్పి, "ఓ సారూ, గటు పక్క ఎందుకు పెట్టినవ్? నేను ఎడమ అన్న గదా. బోర్ల పండుకుంటె మనిషి ఎడమ ఎటన్న పోతదా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. టేపు తీసి ఇవతలి పక్క అతికించాను. కిటికీ ఇవతలికి వచ్చి కూర్చున్నాక కుందేళ్ళు గుర్తొచ్చాయి. అవీ బోర్లానే పడుకున్నాయి.

నా ఫోన్లో ఆ ఆదివారాల్లో తీసుకున్న ఫోటో ఒకటి ఉంది. బల్ల, దాని మీద కుందేలు, పక్కన నేను. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండానే ఆ ఫోటో తీసి చూశాను. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. తెల్లటి టేపు కుడి చెవి దగ్గర ఉంది. చాలాసేపు చూశాను. ఎన్నిసార్లు చూసినా కుడి చెవే. అంటే చిక్కబడ్డ దారి దెబ్బ తగిలిన పక్కదే. అప్పుడు దాన్ని తీసేశాను. ఆ క్షణంలో నేనేమీ ఆలోచించలేదని చాలాకాలం చెప్పుకున్నాను. అది నిజం కాదు. తీసేశాక, తీసేసినవి ఉండే చోటికి వెళ్ళి అక్కడి నుంచి కూడా తీసేశాను. ఆలోచించనివాడు అంత దూరం వెళ్తాడా?

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నకు ఒక్కో ఏడు ఒక్కో జవాబు ఇచ్చుకున్నాను. మేడం పరువు పోతుందని. నా ఉద్యోగం పోతుందని. చెబితే మళ్ళీ కొత్త కుందేళ్ళను తెచ్చి మళ్ళీ చంపాలని. ఈ మూడోది నాకు బాగా నచ్చిన జవాబు. అందులో నేను దయగలవాణ్ణి. నిజానికి నా మౌనం ఏ కుందేలునూ బతికించలేదు. మా మాట నమ్మి మేడం విద్యార్థులు, స్కాన్ అక్కర్లేని వేరే పరీక్షలకు, మరికొన్ని విడతల కుందేళ్ళను తెచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ప్లాస్టిక్ కవర్లో ఉన్న కాగితం మీద నా పేరు పోతుందని చెప్పలేదు. అంత చిన్న సంగతి.

కుందేళ్ళ గురించే కదా అనుకున్నాను. కుందేలు నుంచి మనిషి దాకా చాలా దూరం ఉంది, ఆ దూరం దాటేలోపు ఎవరో ఒకరు తప్పు పట్టుకుంటారు అనుకున్నాను. ఆ దూరం మా వీధి చివర నుంచి మా ఇంటి వరకు ఉన్నంత కూడా లేదు.

ఒక ఉదయం ఎస్తేరు గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర కింద పడిన చప్పుడు విని నేను వెళ్ళాను. ఎడమచేత్తో పట్టుకున్న గుడ్డ జారిపోతోంది, ఆమె దాన్నే చూస్తోంది. మూతి ఒక పక్కకు పోయింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. స్కాన్ కోసం మా సెంటర్‌కే పంపారు. నేనే పడుకోబెట్టాను. నేనే బటన్లు నొక్కాను. మెదడు కుడి పక్క, అంటే ఎడమచేతిని నడిపే పక్క, తెల్లటి మచ్చ వచ్చింది. అది ఏమిటో అందరికంటే ముందు నేను చూశాను. వేరే టెక్నీషియన్ నన్ను లేపి పంపేదాకా అక్కడే కూర్చున్నాను.

కాలు కొద్ది వారాల్లో తేరుకుంది. ఎడమచెయ్యి తేరుకోలేదు. ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి ఇంటికి వచ్చేది. గట్టి పిల్ల. ఎస్తేరు కుడిచేతికి గుడ్డ సంచి తొడిగి మణికట్టు దగ్గర కట్టేసేది. అన్నీ ఎడమచేత్తోనే చేయాలి. పళ్ళెంలో పోసిన బొత్తాలు ఒక్కొక్కటీ ఎత్తి గిన్నెలో వేయాలి. బొత్తాలు ఎస్తేరు డబ్బాలోవే. ఒక్క బొత్తాం ఎత్తడానికి ఆమె ముఖమంతా చెమట పట్టేది. ఆ పిల్ల వెళ్ళాక, "దీనికి ఏ జన్మల ఏం బాకీ వడ్డనో" అనేది. ఏడ్చేది కూడా. కానీ మరుసటి రోజు తనే చెయ్యి చాపి సంచి తొడిగించుకునేది. ఒక రోజు వేలు, బొటనవేలు కలిశాయి. బొత్తాం లేచింది. సగంలో పడిపోయింది. అది నేను చూశాను.

మేడం చూడటానికి వచ్చారు. ఆపిల్స్ తెచ్చారు. ఆమె వచ్చేసరికి ఎస్తేరు పళ్ళెం ముందు కూర్చుని ఏడుస్తోంది. మేడానికి మనసు ఆగలేదు. "ఎందుకమ్మా ఇంత బాధ? మేము కుందేండ్లల్ల చూసినం. దెబ్బ తగలని పక్కనే పని అందుకుంటది. ఆ పక్క నడిపేది మంచిగున్న చేతిని, దానికే బాగా పని చెప్పు. ఈ చేతిని సతాయించకు, దాని టైముకు అదే వస్తది" అన్నారు. ఆ మాట ఆమె అప్పటికే తన దగ్గర చదువుకున్న ఫిజియోలకు కూడా చెబుతున్నారు. ఆమె తను నమ్మిందే చెప్పారు. ఆమె నమ్మకానికి నేను గుర్తు అతికించాను.

మేడం వెళ్ళిపోయారు. ఎస్తేరు పళ్ళెంలో బొత్తాలను చూస్తూ కూర్చుంది. సంచి ఇంకా కుడిచేతికే ఉంది. తర్వాత నన్ను పిలిచింది.

"ఏమయ్యా, ఇటు రా. కూసో. మేడం చెప్పింది నిజమేనా?"

"పెద్ద మేడం. ఆమెకు తెల్వదా?"

"మేడం సంగతి కాదు. ఆమె డాక్టరమ్మ, ఆమె మస్తు చెప్తది. నువ్వు చెప్పు. ఆ బొమ్మలు తీసింది నువ్వే గద. నువ్వు చూసినవా, నీ కండ్లతోని? అవతలి పక్క దారి పడ్డదా?"

నేను గోడ వైపు చూశాను.

"నువ్వు జర డౌటున్నదను, నేను ఈ బొత్తాలే ఏరుకుంట. ఏడ్సుకుంటనన్న ఏరుత. నాకు మిషను తొక్కాలె. ఆ పిల్ల ఎన్ని రోజులు జెయ్యమంటె అన్ని రోజులు జేస్త. ఊకె ఆశకు చెప్పకు నాకు."

"చూసిన" అన్నాను.

"ఒట్టు?"

"చూసిన అంటున్న గదనే. కాగితంల నా పేరున్నది, చూడలె నువ్వు?"

ఆమె నవ్వింది. మూతి ఒక పక్కకే నవ్వింది. "అయితె ఇగ దీన్ని ఇప్పు. నీ కుందేండ్లు సల్లగుండ" అంది. కుడిచెయ్యి నా ముందుకు చాపింది. నేను ముడి విప్పాను.

ఇదే. నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆమె నన్ను ఒక్క మాట అడిగింది. జవాబు నాకు తెలుసు. ఆమెకు ఏం కావాలో కూడా ఆమే చెప్పింది, ఆశ వద్దంది. నేను నా పేరున్న కాగితం చూపించాను.

ఆ సాయంత్రమే నిజం చెప్పి ఉంటే? మరుసటి రోజు చెప్పి ఉంటే? ఆ వారంలో ఎప్పుడు చెప్పినా సరిపోయేది. ఫిజియో అమ్మాయి వచ్చి గొడవ పెట్టుకుంది. "ఇప్పుడు వదిలేస్తే మళ్ళ రాదు ఆంటీ" అంది. ఎస్తేరు నా వైపు చూసింది. నేను ఆ పిల్లతో, పెద్ద డాక్టర్లు చెప్పారమ్మా అన్నాను. ఆమె ఇంక రాలేదు.

ఆ చెయ్యి రాలేదు. మెల్లగా ముడుచుకుంది. పిడికిలి గట్టిపడింది. బొత్తాలు ఎత్తుతూ ఉంటే వచ్చేదా? తెలియదు. ఎవరూ చెప్పలేరు. కొంత వచ్చేదేమో, గుడ్డను సూది కింద నిలిపి ఉంచేటంత వచ్చేదేమో. అసలు రాకపోయేదేమో. రాకపోయేదని నమ్మగలిగితే నాకు తేలికయ్యేది. వేలు, బొటనవేలు కలవడం నేను చూశాను కాబట్టి నమ్మలేకపోయాను.

మిషను మీద గుడ్డ కప్పాం. మొదట్లో బ్లౌజులు పట్టుకొచ్చిన వాళ్ళకు ఎస్తేరు కూర్చుని సలహాలు చెప్పేది. తర్వాత వాళ్ళు రావడం తగ్గింది. ఒక్క చేత్తో జడ వేసుకోవడం కుదరదు. నేను నేర్చుకున్నాను. ప్రతి ఉదయం ఆమె వెనక కూర్చుని జడ వేశాను. "పాయలు సమానంగ తీయవయ్యా, ఎలుక తోక తీరు చేసినవ్" అని తిట్టేది. ఎడమచేతి గోళ్ళు అరచేతిలోకి గుచ్చుకునేవి. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పదీసి, లోపల కడిగి, తుడిచి, గోళ్ళు కత్తిరించేవాణ్ణి. వదలగానే మళ్ళీ మూసుకునేవి. నేను మంచి భర్తనని చర్చిలో చెప్పుకునేవారు. నాకు సిగ్గు వేసేదని రాయాలని ఉంది. వేసేది కాదు. నేను జడ వేశాను, చెయ్యి కడిగాను. ఏమీ అనిపించేది కాదు. ఏమీ అనిపించకుండా ఉండటానికే అంత శ్రద్ధగా చేశానేమో.

ఆమె మళ్ళీ ఎప్పుడూ కుందేళ్ళ సంగతి అడగలేదు. అర్థమైందా? నన్ను కాపాడటానికి అడగలేదా? చెయ్యి రాకపోవడం తన ఖర్మ అనుకుందా? ఈ మూడింటిలో ఏదైనా నాకు ఒకటే, ఎందుకంటే మూడింటిలోనూ ఆమె ఒంటరిగా ఉంది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆ తర్వాత ఎస్తేరు ఎక్కువ రోజులు బతకలేదు. చనిపోయిన తర్వాత బంధువుల ఆడవాళ్ళు వచ్చేలోపు నేను ఆమె పక్కన కూర్చున్నాను. చెయ్యి కడుగుదామని పట్టుకున్నాను. పిడికిలి వదులుగా ఉంది. నేను విప్పకుండానే వేళ్ళు విడివడి ఉన్నాయి. ప్రాణం పోతే కండరాలు వదులవుతాయి, దానికి కారణం నాకు తెలుసు. తెలిసినందువల్ల ఏమీ మారలేదు. వేళ్ళన్నీ ఒకేసారి తెరుచుకున్న ఆ అరచేతిని నేను చూసింది ఎన్నో ఏళ్ళ తర్వాత. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు, దేవుడు మోపిన భారాన్ని మన సహోదరి సణగకుండా మోసింది అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. దేవుడు మోపినది కొంతే. మిగతాది ఎవరు మోపారో ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. ఆ నింద దేవుడి మీద కూడా పడనివ్వకూడదని అప్పుడు అనిపించింది. ఎందుకో తెలియదు. ఎస్తేరు మీద ఆ భారం పడితే ఊరుకున్నవాణ్ణి.

పోయిన వారం మేడం ఇంటికి వెళ్ళాను. ఆమె రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులు. టీ పెట్టిస్తానంటే వద్దన్నాను. నిలబడే చెప్పాను. కుడి చెవి సంగతి, రైతు సంగతి, ఫోటో సంగతి. ఆమె మొదట నమ్మలేదు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. అప్పుడు సోఫా మీద ఉన్న దిండును బోర్లా పెట్టి, తను కాళ్ళ వైపు నిలబడి, తన రెండు చేతులూ చాపి చూసుకున్నారు. ఎడమ, కుడి. చూసుకుని కూర్చున్నారు.

"ఎస్తేరు నిన్ను అడిగిననాడు నీకు తెలుసా తమ్మీ?" అన్నారు.

"తెలుసు మేడం."

కోప్పడతారని, ఏడుస్తారని, పొమ్మంటారని అనుకున్నాను. ఆమె ఫోన్ తీసుకుని అద్దాలు పెట్టుకున్నారు. తన దగ్గర చదువుకున్న ఫిజియోలలో ఇప్పటికీ ఆ మాట పాటించేవాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరికే ఫోన్ చేశారు. నేను అక్కడే ఉన్నాను. "చూడమ్మా, పడ్డ చెయ్యిని ఇడిసిపెట్టుమని చెప్పిన గదా, అది తప్పు. పడ్డ చేతికే పని చెప్పాలె. ఇప్పుడు నీ దగ్గరున్న పేషెంట్లకు రేపే చెప్పు. తప్పు నాది. నేనే సరిగ చూసుకోలె." అందరికీ అదే మాట. తప్పు నాది. అటు నుంచి ఎవరో ఎందుకు మేడం, ఏమైంది అని అడిగినట్టున్నారు. "నా తప్పే అంటున్న గద" అని కసిరారు.

ఆ మాట విన్న ప్రతిసారీ నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఆ గదిలో కూడా నేను ఊరుకున్నాను. ఫోన్లన్నీ అయ్యాక ఆమె లోపలికి వెళ్ళారు. తిరిగి రాలేదు. కొంతసేపు చూసి, చెప్పులు వేసుకుని వచ్చేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. మా బొమ్మలను అచ్చు వేసినవాళ్ళకు నా పేరుతో నిన్న విడిగా రాసి పంపాను. వాళ్ళు ఏం చేస్తారో వాళ్ళిష్టం. ఇక్కడ పేరు లేకపోవడానికి కారణం మేడమే, నా పేరు తెలిస్తే ఆమె పేరు తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి పడిపోయి, కుందేళ్ళలో చూశారట, మంచి చేతికే పని చెప్పాలట అని ఎవరైనా అంటే, అది మా కుందేళ్ళ మాట. నమ్మకండి. డాక్టరును మళ్ళీ అడగండి.

తప్పు మేడానిది కాదు. గుర్తు తప్పు పక్క పెట్టింది నేను. తెలిసి దాచింది నేను. ఎస్తేరు అడిగితే చూశానని చెప్పింది నేను. ఇన్నేళ్ళలో ఈ మూడు వాక్యాలను ఒక చోట రాయడం ఇదే మొదలు. రాశాక గుండె తేలికైందని చెప్పలేను.